అటక మీది 486, అట్ట వెనక సీడీ: పాత కంప్యూటర్ల మోజులో ఏది ఏమిటి?

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దగ్గర ఆగితే పోటీ పరీక్షల గైడ్లు, ఇంజనీరింగ్ పుస్తకాల మధ్య అప్పుడప్పుడు ఒక కట్ట కనబడుతుంది. పురికొసతో బిగించిన పాత కంప్యూటర్ మ్యాగజైన్లు. మొన్న అలాంటిదొకటి విప్పించి చూశాను. పది సంచికల్లో ఎనిమిదింటికి లోపలి అట్ట మీద గమ్ము మరకే మిగిలింది, సీడీ లేదు. "ఇవి తూకానికా, విడిగానా?" అనడిగితే కొట్టాయన నవ్వాడు. "మీ ఇష్టం సార్. ఈమధ్య వీటి కోసం అడిగేవాళ్లు వస్తున్నారు. ఎందుకో మీరే చెప్పాలి."

ఎందుకంటే, ఇళ్లల్లోనూ ఆఫీసుల్లోనూ అటకలు దులపడం మొదలైంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. కొత్త విండోస్ ఎక్కని సిస్టమ్‌లను ఏం చేయాలో తేల్చుకునేటప్పుడు, వాటి వెనక ఇరవై ముప్పై ఏళ్లుగా పడి ఉన్న పెట్టెలు కూడా బయటికొస్తున్నాయి. వాటితోపాటే మూడు మాటలు తిరుగుతున్నాయి. పాత కంప్యూటర్లకు లక్షలొస్తాయట. పాత మ్యాగజైన్లన్నీ నెట్‌లోనే ఉన్నాయట. ఫ్లాపీల్లో ఉన్నవి ఇక రానే రావట. మూడింట్లోనూ కాస్త నిజం ఉంది, చాలా కలగాపులగం కూడా ఉంది.

వింటేజ్, పాతది, స్క్రాప్: తేడా ఎక్కడ?

వింటేజ్ అనే మాటకు చట్టపరమైన కొలత ఏదీ లేదు. సేకరించేవాళ్లు మాట్లాడుకునే తీరును బట్టి చూస్తే రెండు తరాలు కనబడతాయి. మొదటిది 1970ల చివరి నుంచి 80ల దాకా వచ్చిన 8 బిట్ మెషిన్లు. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, ఒకదాని ప్రోగ్రామ్ ఇంకోదాంట్లో నడవదు. రెండోది 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ, దాని సంతానం. మొదటి పీసీలో 8088 ప్రాసెసర్, వేగం 4.77 మెగాహెర్ట్జ్. 1983లో 10 ఎంబీ హార్డ్ డిస్క్‌తో ఎక్స్‌టీ, 1984లో 286 ప్రాసెసర్‌తో ఏటీ వచ్చాయి. ఆ తర్వాత 386, 486, 1993లో పెంటియం. మన ల్యాబుల్లో మెషిన్లను కంపెనీ పేరుతో కాక ఈ నంబర్లతోనే పిలిచేవాళ్లం. "ఎక్స్‌టీ ఖాళీగా ఉంది, ఏటీ కావాలంటే ఆగాలి" అనేవాడు ల్యాబ్ అసిస్టెంట్.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సిన మాట క్లోన్. ఐబీఎం తన పీసీని బజారులో దొరికే విడిభాగాలతోనే కట్టింది, సాంకేతిక వివరాలు కూడా ప్రచురించింది. కాపీ కొట్టకూడనిది బయోస్ ఒక్కటే, అంటే స్విచ్ వేయగానే మెషిన్‌ను లేపే ప్రోగ్రామ్. దానికి సరితూగేదాన్ని కాంపాక్ లాంటి కంపెనీలు సొంతంగా రాసుకున్నాయి. అంతే, తైవాన్ బోర్డు, ఎక్కడిదో డ్రైవు, ఇక్కడి డబ్బా కలిపి ఎవరైనా పీసీ బిగించడం మొదలైంది. గవర్నరుపేటలో కాగితం మీద కొటేషన్ రాయించుకుని, మదర్‌బోర్డు ఏది, ర్యామ్ ఎంత, మానిటర్ 14 అంగుళాలా 15 అంగుళాలా అని బేరమాడి కొన్న అసెంబుల్డ్ సిస్టమ్ ఈ వంశంలోదే. కాబట్టి మీ అటక మీది 486 లాంటిది ప్రపంచంలో ఎన్ని అటకల మీదుందో లెక్కలేదు. ధర సంగతికి వచ్చినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

కమొడోర్ మన జ్ఞాపకం కాదు

పాత కంప్యూటర్ల మీద వచ్చే వీడియోల్లో ఎక్కువగా కనబడేవి కమొడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. రెండూ 1982లో వచ్చాయి. టీవీకి తగిలించి, టేప్ రికార్డర్ నుంచి ఆటలు ఎక్కించుకునే ఇంటి కంప్యూటర్లు. బ్రిటన్, అమెరికాల్లో ఇప్పుడు యాభై దాటినవాళ్లకు బాల్యమంటే అదే.

మన దగ్గర కథ వేరు. విదేశీ మారక చట్టం షరతులకు ఒప్పుకోక ఐబీఎం 1978లో దేశం వదిలింది. 1976లో పుట్టిన హెచ్‌సీఎల్, ఆ తర్వాత విప్రో వంటి కంపెనీలు ఆ ఖాళీలో ఎదిగాయి. దిగుమతి సుంకాల వల్ల కంప్యూటర్ మధ్యతరగతి ఇంటి మాట కాలేదు. 1984 నవంబరులో వచ్చిన కొత్త కంప్యూటర్ విధానం తర్వాతే ధరలు దిగడం మొదలైంది. 8 బిట్ మెషిన్లు అసలు రాలేదని కాదు. 1984-85లో మొదలైన క్లాస్ పథకం కింద కొన్ని స్కూళ్లకు బీబీసీ మైక్రోలు చేరాయి. స్పెక్ట్రమ్‌ను డెసిబెల్స్ అనే కంపెనీ ఇక్కడే తయారుచేసి అమ్మింది. కానీ గుంటూరు, బెజవాడల్లో సాధారణ కుటుంబాల పిల్లలకు కంప్యూటర్ మొదట కనబడింది ఇంట్లో కాదు, ఇన్‌స్టిట్యూట్‌లో.

నాకు గుంటూరు బ్రాడీపేటలో కనబడింది. గ్లాసు తలుపు ముందు చెప్పుల గుట్ట. లోపల ఏసీ, ఊళ్లో ఇంకెక్కడా దొరకని చల్లదనం. ఇద్దరికో సిస్టమ్, గంట టైము. స్విచ్ వేస్తే నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. ఈ రోజు తేదీ మంగళవారం 1-01-1980 అని చూపించి, సరైనది కొట్టమనేది. ఎన్ని రోజులు వెళ్లినా అదే మంగళవారం. మెషిన్ కట్టేసినప్పుడు గడియారాన్ని నడిపే బ్యాటరీ చచ్చిపోయిందనీ, విండోస్ రాకముందు పీసీలను నడిపించిన డాస్ లెక్క 1980 జనవరి 1 నుంచే మొదలవుతుందనీ, ఆ రోజు నిజంగానే మంగళవారమనీ చాలా ఏళ్లకు తెలిసింది. వర్డ్‌స్టార్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌లో ఫైల్ సేవ్ చేసి బయటపడటానికి కంట్రోల్, కె, డి. వేళ్లకు అది ఇంకా గుర్తుంది. బయటి ఫ్లాపీ మాత్రం లోపలికి రానిచ్చేవాళ్లు కాదు, వైరస్ భయం.

ఈ మోజు మనకు అరువు సరుకని కొందరంటారు. ఎక్కడో వాళ్ల బాల్యాన్ని యూట్యూబ్‌లో చూసి మనమూ కళ్లు తుడుచుకుంటున్నామని. కమొడోర్ విషయంలో ఆ మాట ఒప్పుకుంటాను. ఇంకొందరి అభ్యంతరం వేరు: ఆ రోజులేమీ అంత తియ్యనివి కావు, అప్పు చేసి ఫీజు కడితే గంటలో నలభై నిమిషాలు కరెంటే ఉండేది కాదు, నేర్పిన కోర్సు పూర్తయ్యేలోపే పాతబడేది. ఇదీ నిజమే. నేను చేరిన చోట సీ లాంగ్వేజ్ అని చెప్పి ఆరు వారాలు డాస్ కమాండ్లు వల్లె వేయించారు. కానీ కష్టాన్ని గుర్తుపెట్టుకోవడం కూడా జ్ఞాపకమే కదా. అందరిదీ ఒక్కలాంటి జ్ఞాపకం కాదన్నదే ఇక్కడ అసలు విషయం. వాళ్లది ఇంట్లోని మెషిన్ మీద మమకారం. మనది ఎవరిదో మెషిన్ దగ్గర కూర్చున్న గంట మీద. మిగతా ఇరవై మూడు గంటలూ చేతిలో ఉన్నది మ్యాగజైన్.

మ్యాగజైన్ చదవడానికే కాదు, ఎక్కించుకోవడానికి

1975 జనవరిలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ అనే అమెరికా పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వేసింది. ఇంట్లో బిగించుకునే కంప్యూటర్ కిట్ అది. అదే ఏడాది సెప్టెంబరులో బైట్ మొదలైంది. మన దేశంలో డేటాక్వెస్ట్ 1982లో, పీసీ క్వెస్ట్ 1987లో, డిజిట్ 2001లో, లైనక్స్ ఫర్ యూ 2003లో వచ్చాయి. ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ వీటన్నిటికంటే పాతది. తెలుగులో కంప్యూటర్ ఎరా, ఇంగ్లిష్ మ్యాగజైన్ కొని సగం అర్థంకాక వదిలేసినవాళ్లకు ఆసరా అయింది. డిగ్రీ తెలుగు మీడియంలో చదివినవాళ్లు విండోస్ రిజిస్ట్రీ గురించి తెలుగులో చదవగలగడం అప్పట్లో చిన్న విషయం కాదు.

ఈ పత్రికలు చేసిన పని ఇప్పటివాళ్లకు అర్థం కావాలంటే రెండు లెక్కలు చూడాలి.

మొదటిది, అచ్చులో వచ్చిన ప్రోగ్రామ్. పేజీల కొద్దీ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లైన్లు, అంకెల వరసలు వేసేవాళ్లు. పాఠకుడు చూసి టైప్ చేసుకోవాలి. ఒక్క అంకె తప్పినా నడవదు. అందుకని కొన్ని పత్రికలు ప్రతి లైనుకూ చెక్‌సమ్ అనే తనిఖీ అంకె ఇచ్చేవి. ఉదాహరణకు ఒక లైన్లో 12, 45, 7 ఉన్నాయనుకోండి. కూడితే 64. మీరు 45 బదులు 54 కొడితే మొత్తం 73 అవుతుంది, తప్పు దొరికిపోతుంది. అదే 12, 45ల స్థానాలు తారుమారు చేసి కొడితే? మొత్తం మళ్లీ 64. తప్పు తప్పించుకుంటుంది. అందుకే తర్వాత తర్వాత అంకె ఏ స్థానంలో ఉందో కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతులు వచ్చాయి. మొదటి అంకెను 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 3తో హెచ్చించి కూడితే అసలు లైనుకు 123, తారుమారైనదానికి 90 వస్తుంది. ఆధార్ నంబరు చివరి అంకె వెనకున్న ఆలోచన కూడా ఈ కుటుంబంలోదే.

రెండోది సీడీ. దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది. కొన్నేళ్లకు ఇళ్లకు చేరిన మోడెమ్ మీద 56 కేబీపీఎస్ అని రాసి ఉన్నా, మన ఫోన్ లైన్ల మీద సెకనుకు 4 కిలోబైట్లు వస్తే అదృష్టం. ఒక సీడీలో 650 మెగాబైట్లు, అంటే 6,65,600 కిలోబైట్లు. నాలుగుతో భాగిస్తే 1,66,400 సెకన్లు, సుమారు 46 గంటలు. సంచార్‌నెట్ లాంటి ప్యాకులు గంటల లెక్కన కొనుక్కునే రోజులవి, ఫోన్ బిల్లు వేరే. మధ్యలో అత్తయ్య ఊరి నుంచి ఫోన్ చేస్తే లైన్ కట్, మళ్లీ మొదటి నుంచి. ఆ 46 గంటల సరుకు నెలకోసారి అట్ట వెనక అతికించి వచ్చేది: డ్రైవర్లు, యాంటీవైరస్, వాడి చూసి నచ్చితే డబ్బు కట్టే షేర్‌వేర్, కొన్నిసార్లు పూర్తి లైనక్స్. మ్యాగజైన్ కొనేవాళ్లలో సగంమంది సీడీ కోసమే కొనేవాళ్లని నా అనుమానం. లెనిన్ సెంటర్ కట్టలో సీడీలు లేకపోవడం దానికి సాక్ష్యం అనుకోవచ్చు.

నెట్ వేగం పెరిగాక ఈ రెండు పనులూ పోయాయి, పత్రికలూ తగ్గాయి. బైట్ అచ్చు 1998లో ఆగింది. అమెరికాలో మ్యాగ్జిమమ్ పీసీ, మ్యాక్‌లైఫ్‌ల అచ్చు 2023లో ముగిసింది.

ఒక పక్కమాట. పాత సంచికల్లో ఇప్పుడు నేను ముందు చూసేది వ్యాసాలు కాదు, ప్రకటనలు. ఏ ఊరి డీలరు ఏం అమ్మాడు, ర్యామ్ ఎంతకు అమ్మాడు, ఏ కోర్సుకు ఎంత ఫీజు అన్నాడు. వ్యాసంలోని సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి. ఆ ధరల పట్టీ మాత్రం ఇంకెక్కడా రాసిపెట్టలేదు. స్కాన్ చేసేవాళ్లలో కొందరు బరువు తగ్గుతుందని ప్రకటనల పేజీలు వదిలేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఏది ఎలా పాడవుతుంది

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లల్లో ఉన్నాయి. ఆ తర్వాత తెలిసినవాళ్లింట్లో ఒక అలమర ఖాళీ చేయడానికి సాయం వెళ్లాను. నవలలు, వారపత్రికలు ఉబ్బిపోయి, మరకలు పడి ఉన్నాయి, కానీ ఎండబెడితే పేజీలు విడివడ్డాయి. కంప్యూటర్ మ్యాగజైన్లు మాత్రం విడలేదు. ఇటుకలయ్యాయి. చాకు పెట్టి విప్పబోతే అక్షరాలు ఎదుటి పేజీకి అంటుకుని వచ్చాయి.

కారణం కాగితం. రంగుల అచ్చు కోసం వాడే నున్నటి ఆర్ట్ పేపర్ మీద తెల్లటి బంకమన్ను లాంటి పూత ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే జిగురు ఉంటుంది. తడిస్తే ఆ పూత మెత్తబడుతుంది, ఆరేటప్పుడు పక్క పేజీని పట్టేసుకుంటుంది. చవక న్యూస్‌ప్రింట్‌కు ఆ పూత లేదు. పసుపుబారి పెళుసెక్కుతుంది గానీ ఇటుక కాదు. ఖరీదైన కాగితమే నీళ్లకు ముందు లొంగింది.

హార్డ్‌వేర్‌కు చావు లోపలి నుంచి వస్తుంది. 286, 386, తొలి 486 బోర్డుల మీద చిన్న పీపా ఆకారంలో నికెల్ క్యాడ్మియం బ్యాటరీ ఉంటుంది, తేదీ గుర్తుంచుకోవడానికి. ఏళ్లు గడిస్తే అది కారుతుంది. ఆ క్షారం రాగి దారులను పచ్చగా తినేస్తుంది. మెషిన్ వాడకుండా భద్రంగా దాచినా సరే, దాచిన చోటే తినేస్తుంది. 2000 ప్రాంతపు బోర్డులకు ఇంకో జబ్బు: నాసిరకం కెపాసిటర్ల తలలు ఉబ్బి కారడం. బెజవాడ వేసవి ఎండలో రేకుల గది అటక దీనికి మరింత తోడ్పడుతుంది.

ఫ్లాపీది వేరే సంగతి. 1.44 ఎంబీ అనే మాటే ఒక తమాషా లెక్క. 80 ట్రాకులు, 2 వైపులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. హెచ్చిస్తే 14,74,560 బైట్లు. 1024 చొప్పున కిలోబైట్లు చేస్తే 1440. దాన్ని వెయ్యితో భాగించి 1.44 అన్నారు. ఇప్పుడు ఫోన్‌తో తీసిన 4 ఎంబీ ఫొటోకు మూడు ఫ్లాపీలు కావాలి. "ఫ్లాపీలో ఉన్నవి ఇక రావు" అనేది పూర్తిగా నిజం కాదు. పొడి చోట ఉన్నవి పాతికేళ్ల తర్వాత కూడా చదవగలిగిన సందర్భాలు బోలెడు. మన తేమకు వచ్చే చిక్కు బూజు. డిస్క్ పొర మీద తెల్లటి చుక్కలు పడతాయి. అలాంటిది డ్రైవులో పెడితే చదివే తల మీద మకిలి పేరుకుని, దాని తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీని కూడా గీరేస్తుంది. గ్రీజ్‌వీజిల్ లాంటి చిన్న బోర్డులు ఇప్పుడు ఫ్లాపీ మీది అయస్కాంత గుర్తులను ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్‌లోకి తీసుకుంటున్నాయి. మామూలు డ్రైవు "చదవలేను" అన్న చోట కూడా కొంత రాబట్టే వీలుంది.

పత్రికల సీడీలు మాత్రం ఫ్యాక్టరీలో అచ్చొత్తినవి కాబట్టి, మనం ఇంట్లో రైట్ చేసుకున్న సీడీల కంటే సాధారణంగా ఎక్కువ కాలం నిలుస్తాయి. వాటికి గీతలే పెద్ద శత్రువు.

ఫైల్ వచ్చింది, తెలుగు రాలేదు

ఇక్కడిదాకా చెప్పిన చిక్కులు ప్రపంచంలో అందరివీ. ఇది మనది.

ఫ్లాపీ బాగానే చదివింది, ఫైల్ తెరుచుకుంది, కానీ తెర మీద తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, వింత గుర్తుల గజిబిజి. పాడైపోయిందనుకుని చాలామంది పారేస్తారు. అది పాడవలేదు.

అప్పటి ఫాంటులో 256 గదులు ఉండేవి. ఇంగ్లిష్‌కు అది పుష్కలం. తెలుగుకు? ముప్పై అయిదు హల్లులనుకుని, ఒక్కోదానికి పన్నెండు గుణింతాలు వేసినా 420. ఒత్తులు లెక్కలోకి రానేలేదు. అందుకని ఫాంట్ తయారుచేసినవాళ్లు అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, ఒత్తులు వేరే గదుల్లో. ఇంగ్లిష్ అక్షరాలుండే గదుల్లోనే వీటిని సర్దారు. ఎవరి సర్దుబాటు వాళ్లది. అను ఫాంటులో ఒక గదిలో ఉన్న ముక్క శ్రీలిపిలో ఇంకో గదిలో ఉంటుంది. పత్రికల వెబ్‌సైట్లు కూడా మొదట్లో ఎవరి ఫాంట్ వాళ్లు పెట్టుకున్నాయి. ఒక పేపరు చదవాలంటే ముందు దాని ఫాంట్ దించుకోవాలి. ఈ గొడవ తీర్చడానికి పద్మ అనే ఫైర్‌ఫాక్స్ అనుబంధం వచ్చిందని అప్పట్లో నెట్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

కాబట్టి పాత ఫైల్లో ఉన్నవి అక్షరాలు కాదు, గది నంబర్లు. ఏ ఫాంటువో తెలిస్తేనే వాటికి అర్థం. ప్రతి భాష అక్షరాలకూ విడివిడిగా నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతి దీనికి భిన్నం. 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే తెలుగుకు సొంత చోటు ఉంది. అందులో 'క్షి' అంటే నాలుగు సంకేతాలు: క, పొల్లు, ష, గుడి. ఆకారం ఎలా కూర్చాలన్నది ఫాంట్ చూసుకుంటుంది, సంకేతాలు మాత్రం ఎక్కడైనా అవే. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చాక ఇది మామూలు జనానికి అందింది. ఫైలు బరువు పెరిగిందనేది నిజం. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, 'క్షి'కి 12. ఫ్లాపీ మొత్తానికి 4,91,520 సంకేతాలు. పాత ఫాంటులో ముక్కకు ఒక్క బైటే.

పాత ఫాంట్ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ప్రముఖ ఫాంట్లకు బాగానే పనిచేస్తాయి, ఒత్తుల దగ్గర, 'య' 'మ'ల దగ్గర తప్పులు దిద్దుకోవాలి. ఇంకో అడ్డంకి లాక్. అచ్చుకు పేజీలు కూర్చే తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్లు చాలావాటికి సీపీయూ వెనక ప్రింటర్ పోర్టుకు తగిలించే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉండేది. అది లేకపోతే ప్రోగ్రామ్ తెరుచుకోదు. కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు. డాస్ కాలంలో ప్రభుత్వ సంస్థ సీడాక్ వారు భారతీయ భాషల కోసం చేసిన జిస్ట్ కార్డయితే ఏకంగా మెషిన్ లోపల బిగించాల్సిన బోర్డు.

గుంటూరు, బెజవాడ ప్రెస్సుల్లో 1990ల్లో కంపోజ్ అయిన చిన్న పత్రికలు, కవితా సంకలనాలు, ఊరి చరిత్రలు, నాటకాలు ఇలాంటి ఫ్లాపీల్లో ఎన్ని ఉండిపోయాయో. నన్నడిగితే పాత పెట్టెలో అపురూపం డబ్బా కాదు, ఇది. అలాంటి 486 ఇంకెక్కడైనా దొరుకుతుంది. ఈ ఊళ్లో టైప్ చేసింది ఇంకెక్కడా దొరకదు.

అసలు మెషినా, ఎమ్యులేటరా?

ఎమ్యులేటర్ అంటే పాత మెషిన్‌లా నటించే ప్రోగ్రామ్. డాస్‌బాక్స్ 2002 నుంచి ఉంది. ల్యాబుల్లో దొంగచాటుగా ఆడిన డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఇప్పుడు బ్రౌజర్లోనే ఆడొచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వేల కొద్దీ డాస్ ఆటలను అలా పెట్టింది.

ఎమ్యులేటర్ పక్షం వాదన సూటిగా ఉంటుంది. మెషిన్ ఎలాగూ పోతుంది, విడిభాగాలు దొరకవు, ప్రోగ్రామ్ నడిస్తే చాలు. అసలు మెషిన్ కావాలనేవాళ్లది మొండితనమని తీసిపారేయలేం. పాత ఆటల వేగం ఆనాటి ప్రాసెసర్ వేగాన్ని బట్టి రాసింది, గాజు తెర మీద చూసేందుకు గీసిన బొమ్మ ఎల్‌సీడీ మీద గళ్లుగళ్లుగా కనబడుతుంది, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ చప్పుడును ఫైల్లో పెట్టగలరేమో గానీ చిల్లుల కాగితం చింపే సుఖాన్ని పెట్టలేరు. మధ్యేమార్గం పట్టినవాళ్లూ ఉన్నారు. మెషిన్ అసలుదే, చచ్చిన ఫ్లాపీ డ్రైవు స్థానంలో పెన్‌డ్రైవుతో పనిచేసే గోటెక్, హార్డ్ డిస్క్ బదులు కెమెరాల్లో వాడే ఫ్లాష్ కార్డు.

తెలుగు వైపు నుంచి చూస్తే ఈ తగువులో తూకం కాస్త మారుతుంది. ఆటకైతే ఎమ్యులేటర్ చాలు. లాక్ అడిగే, కార్డు అడిగే తెలుగు సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఆనాటి పోర్టులున్న మెషిన్ ఒకటి బతికి ఉంటేనే దారి సులువు.

స్కాన్ చేసి నెట్‌లో పెట్టేయొచ్చా?

బైట్ లాంటి విదేశీ పత్రికల పాత సంచికలు నెట్‌లో విరివిగా దొరుకుతాయి. "అన్నీ ఉన్నాయి" అనే మాట అక్కడి నుంచి వచ్చింది. భారతీయ పత్రికలవి, ముఖ్యంగా తెలుగువి, అలా వరసగా దొరకవు.

చట్టం చూస్తే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ. 1987 నాటి వ్యాసం రాసినాయన ఇవాళ బతికే ఉంటే, ఆ వ్యాసం ఇంకా చాలా దశాబ్దాలు కాపీరైట్‌లోనే ఉంటుంది. పత్రిక ఆగిపోయినంత మాత్రాన హక్కు పోదు. అయితే 52వ సెక్షన్‌లో మినహాయింపులున్నాయి. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర కాగితం ప్రతి ఉంటే, భద్రపరచడం కోసం దాన్ని డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు. 2012 సవరణతో ఇది వచ్చింది. దాచుకోవడం వేరు, అందరికీ పంచడం వేరు.

పంచేవాళ్ల మాట: అనుమతి అడుగుదామంటే కంపెనీయే లేదు, అరవై ఏళ్లు ఆగితే కాగితం ఉండదు. రచయితల మాట: మా రాతలు మమ్మల్ని అడగకుండా పెట్టడం ఏం న్యాయం, రేపు మేమే సంపుటిగా వేసుకోవచ్చు కదా. బుడమేరు ఇటుకలు చూశాక నా మనసు మొదటివాళ్ల వైపే మొగ్గుతుంది. కానీ చట్టం రెండోవాళ్ల పక్షాన ఉంది. సీడీలది మరీ మెలిక. ఒక్కో సీడీలో వందల ప్రోగ్రాములు, ఒక్కోదానికి ఒక్కో లైసెన్సు.

లక్షలొస్తాయన్న మాట

దీనికి మూలం ఆపిల్-1. 1976లో సుమారు 200 మాత్రమే తయారయ్యాయి, అప్పటి ధర 666.66 డాలర్లు. 2014లో ఒకటి వేలంలో 9,05,000 డాలర్లకు పోయింది. తక్కువ సంఖ్య, పనిచేసే స్థితి, వెనక ఒక కథ, మూడూ కలిశాయి. క్లోన్ పీసీకి మొదటిదే లేదు.

స్క్రాప్ వాళ్లు బోర్డుల్లో బంగారం ఉందంటారు. ఉంది, పూతగా. దాన్ని ఆసిడ్‌తో కరిగించే పద్ధతిలో కూలివాళ్ల ఊపిరితిత్తులు ముందు కరుగుతాయి. పాత గాజు మానిటర్ గొట్టంలో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు ఇలాంటివి రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలంటున్నాయి. దాచుకోవడం పర్యావరణానికి మంచిదని ఒక వాదం, అటక మీద కారే బ్యాటరీ ఇంట్లో పెట్టుకున్న వ్యర్థమేనని ఇంకో వాదం. రెండూ ఒకే పెట్టె గురించి నిజం కావచ్చు, తేడా ఆ బ్యాటరీ తీశారా లేదా అన్నదే.

ఇంకా డ్యూటీలో ఉన్న పాతది

లెనిన్ సెంటర్ కట్టలో సీడీ మిగిలిన రెండు సంచికలూ కొన్నాను. వాటితోపాటు ఇంట్లో ఉన్న ఒక ఫ్లాపీ పట్టుకుని గుంటూరులో ఎరిగిన డీటీపీ సెంటర్‌కు వెళ్లాను. గదిలో మూడు కొత్త సిస్టమ్‌లు, మూల స్టూలు మీద గోధుమరంగు తిరిగిన ఒక డబ్బా. విండోస్ 98, పేజ్‌మేకర్, వెనక లాక్. ఓనరు గారు ఫ్లాపీని వెలుతురుకు పెట్టి, రేకు జరిపి బూజు ఉందేమో చూశారు. "ఇది లేకపోతే పాత పుస్తకాల రీప్రింట్లు చేయలేనండీ. దీన్నెవరూ ముట్టుకోకూడదని పిల్లలకు చెప్పాను" అన్నారు. డ్రైవు రెండుసార్లు గరగరలాడింది. ఫైల్ తెరుచుకుంది, మొదట గజిబిజిగా. ఆయన ఫాంట్ల జాబితా కిందికి దింపుతూ ఒక్కొక్కటే మార్చి చూశారు. నాలుగోదానికి మా నాన్న 1996లో రాయించుకున్న శతకంలో మొదటి పద్యం, ఒత్తులతో సహా తెర మీదికొచ్చింది. రెండో పాదంలో ఒక అచ్చుతప్పు ఉంది. పుస్తకంలోనూ అదే తప్పు ఉంది. "ప్రూఫ్ మేమే చూశాం లెండి" అన్నారాయన.